చిలుకలకు భయం నేర్పే ఉద్యోగం

నాకు ఓర్వలేనితనం ఎక్కువ. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. పక్కింటి మల్లెతీగ నా తీగ కంటే ఎక్కువ పూసిందంటే ఆ పూట నాకు అన్నం సయించదు. అలాంటి మనిషితో మంచి మాటలు చెప్పించుకుందామని మొన్న ఇద్దరు కాలేజీ పిల్లలు ఇంటికి వచ్చారు. రామచిలుకలంటే వాళ్ళకు ప్రాణమట. నేను కరీంనగర్ శివార్లలో చిలుకల షెడ్డులో పనిచేసి రిటైరయ్యానని ఎవరో చెప్పారట. “చిలుకల్ని కాపాడే పనిలో మాసొంటోళ్ళం ఏం సాయం జేయొచ్చు ఆంటీ?” అని అడిగారు. చాయ్ పోసి, నాకు తోచింది చెప్పి పంపాను. అసలు మాట మాత్రం చెప్పలేదు. అది చెప్పాలంటే ఒకామె సంగతి చెప్పాలి. ఆమెను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. కూర్చుని రాస్తే కొంచెమైనా చల్లారుతుందేమోనని రాస్తున్నాను.

మా షెడ్డు ఒక పశువుల దవాఖాన వెనకాల ఉండేది. బస్టాండులోనో సంతలోనో సంచుల్లో కుక్కి అమ్మకానికి తెచ్చిన చిలుక పిల్లలు పట్టుబడితే మా దగ్గరికే వచ్చేవి. ఇంట్లో రామచిలుకను పెంచడం చట్టం ఒప్పుకోదని ఎప్పటికో తెలిసి, పంజరానికి గుడ్డ కప్పి, దొంగసొమ్ము తెచ్చినట్టు తెచ్చి ఇచ్చిపోయేవాళ్ళు కొందరు. చూసుకునేది ఒక డాక్టరు, నేను. ఆయన వయసులో నాకంటే చాలా చిన్న. నన్ను ‘అక్కా’ అనేవాడు గానీ, పని చెప్పేటప్పుడు మాత్రం మా అత్తగారిని మరిపించేవాడు.

పనిలో చాలా రకాలున్నాయి. పిల్లలకు పిండి జావ తాగించడం, జబ్బువాటిని వేరు పెట్టడం, కత్తిరించిన రెక్కలకు ఈకలు తిరిగి వచ్చేదాకా కాపు కాయడం, ఆ తర్వాత పొడుగాటి వల గదిలో వదిలి ఎగరడం అలవాటు చేయడం. అన్నిటికంటే చివరిది ఒకటుంది. అది నా పని. దాన్ని మేం ‘బెదిరింపు’ అనేవాళ్ళం.

మనుషుల చేతి తిండి తిన్న చిలుకకు మనుషులంటే భయం పోతుంది. అట్లాగే అడవిలో వదిలితే, మొదట కనబడ్డ మనిషి భుజం మీద వాలుతుంది. ఆ మనిషి మురిసిపోయి ఇంటికి తీసుకుపోతాడు. మళ్ళీ పంజరమే. అందుకని వదిలే ముందు కొన్ని వారాలు ఎవరో ఒకరు వల గదిలోకి పోయి, రేకు డబ్బా మీద కట్టెతో బాదుతూ, కేకలు పెడుతూ, వాటిని తరమాలి. మనిషి కనబడితే చాలు, పైకి లేచి పోవాలన్న సంగతి వాటి ఒంటికి పట్టాలి. “గా పనికి నీ గొంతు సరిపోతదక్కా” అన్నాడు డాక్టరు నేను చేరిన కొత్తలోనే. నేను సాలె ఇంటి పిల్లను. మా బాపు పవర్‌లూమ్ నడిపేవాడు. ఆ చప్పుడులో ఉప్పు అందుకోమనాలన్నా అరవాల్సిందే. మా ఇంట్లో ముద్దు మాటలు కూడా పక్క వీధికి వినబడేవి. అట్లా నాకు ఆ పని దొరికింది. పొద్దున జావ కలిపేది నేనే, పెంట ఎత్తేది నేనే, సాయంత్రం డబ్బా బాదేదీ నేనే. పొద్దటిది అవి మరిచిపోయేవి. సాయంత్రంది గుర్తుపెట్టుకునేవి.

నాకు దాంతో ఏ బాధా లేకుండా ఉండేది, ఆమె వచ్చేదాకా.

ఆమెది మెట్‌పల్లి దిక్కు. భూములున్న ఇల్లు. భర్త వ్యాపారం కోసం కరీంనగర్‌లో ఉండేవాళ్ళు. మెట్‌పల్లి మేడం అనేవాళ్ళం. చిలుకలంటే ఇష్టం, ఏదైనా సాయం చేస్తానని ఒకరోజు స్కూటీ మీద వచ్చింది. ఇట్లాంటివాళ్ళను నేను చాలామందిని చూశాను. ఒకరోజు వస్తారు, చిలుకతో ఫోటో దిగుతారు, పెంట వాసనకు ముక్కు మూసుకుని పోతారు. ఈమె కూడా అంతేలే అనుకుని పెంట ఎత్తే పార చేతికిచ్చాను. చీర కొంగు దోపుకుని గది మొత్తం కడిగింది. పోయేటప్పుడు “రేపు ఎన్ని గంటలకు రావాలక్కా?” అని అడిగింది. అప్పుడే నాకు మంట మొదలైంది.

ఆమె చేసిందంతా చెప్పాలి. కాలేజీ పిల్లలకు నేను చెప్పింది కూడా ఆమె చేసిందే, నా మాటగా చెప్పానంతే. ఆమె మాకు పాత పేపర్లు తెచ్చేది, కింద పరచడానికి. కొన్న గింజలు కాదు, పొలం నుంచి జొన్న కంకులు కంకులుగానే తెచ్చేది. చిలుక తన తిండి తానే ఒలుచుకోవడం నేర్చుకోవాలి కదా. వేప పండ్లు, రేగు పండ్లు, చింతచిగురు, అడవిలో ఏం దొరుకుతుందో అవే తెచ్చేది. వాళ్ళ చేలో పిడుగు పడి మోడైన తాడిచెట్టు ఒకటుంటే, భర్త కొట్టించబోతే అడ్డం పడి ఆపిందట. ఆ తొర్రలో మరుసటేడే చిలుకలు గుడ్లు పెట్టాయి. సంతలో ఎవరైనా జాలిపడి, కొని వదిలేద్దామని చిలుకను బేరమాడుతుంటే పక్కకు పిలిచి నచ్చజెప్పేది. “నువ్వు ఒక్కదాన్ని కొంటే వాడు రేపు రెండు పట్టుకొస్తడు తమ్మీ. కొనకు. ఫోన్ జేసి చెప్పు, చాలు” అనేది. ఇళ్ళలో పంజరాలున్నాయని తెలిస్తే పోయి వాళ్ళ అరుగు మీద కూర్చునేది. కోప్పడేది కాదు. వాళ్ళ పిల్లల చదువులు అడిగి, వాళ్ళు పెట్టిన చాయ్ తాగి, పంజరం చంకన పెట్టుకుని వచ్చేది. అదే నేను పోతే కుక్కను ఉసిగొల్పుతారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అనలేదు.

ఇవన్నీ ఓర్చుకుందును. ఓర్వలేనిది ఒక్కటే. ఆమె స్కూటీ చప్పుడు గేటు దగ్గర వినబడితే చాలు, షెడ్డులో చిలుకలన్నీ ఒక్కసారి గోల చేసేవి. సంతోషంతో. నేను తలుపు తీస్తే నిశ్శబ్దం. నా వేలు కొరకని చిలుక ఆ షెడ్డులో లేదు. ఆమె వేలును మాత్రం నాలుకతో తడిమి చూసి వదిలేసేవి. “నీ చేతులకేం రాసుకుంటవ్ మేడం?” అని ఒకసారి అడిగాను కూడా. నవ్వింది. ఆ నవ్వు చూసి ఆ సాయంత్రం డబ్బా ఇంకో నాలుగు దెబ్బలు గట్టిగా బాదాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు.

ఒక ఎండాకాలం చిలుక పిల్లలు ఎక్కువ వచ్చాయి. షెడ్డు చాలలేదు. నమ్మకమున్న పక్షి ప్రేమికులు కొన్నిటిని ఇళ్ళకు తీసుకుపోయి జావ పట్టి పెంచడానికి డాక్టరు అనుమతి తెప్పించాడు. అందరికీ ఒకటే షరతు. మొహానికి గుడ్డ కట్టుకోవాలి. పేరు పెట్టొద్దు. మాట్లాడొద్దు. జావ పట్టి, గంప కప్పి, బయటికి రావాలి. అంతే.

ఆ పిల్లల్లో ఒకటి మరీ నీరసంగా ఉండేది. రెక్కల మీద ఇంకా ముళ్ళలాంటి ఈకలే. నేను ఎంత బతిమాలినా నోరు తెరవలేదు. చెంచా వంచి, కింది నుంచి ముక్కుకు ఆనించి, నాకు తెలిసిన విద్యలన్నీ చేశాను. జావ నా మోచేతి దాకా కారింది గానీ దాని గొంతులోకి పోలేదు. ఆమె వచ్చి ఒళ్ళో పెట్టుకుంది. అది గుటుక్కున తాగింది. డాక్టరు చప్పట్లు కొట్టాడు. నేను చేతులు కడుక్కోవడానికి పోయి, నల్లా కింద చాలాసేపు కడుక్కున్నాను. ఆ పిల్లను ఆమే ఇంటికి తీసుకుపోయింది.

వానలు బాగా పట్టాక పెరిగిన చిలుకలన్నీ వెనక్కి వచ్చాయి. వల గదిలో వదిలాం. ఆమె తెచ్చిన చిలుక చూడముచ్చటగా ఉంది. మెరిసే ఆకుపచ్చ, పొడుగు తోక, గుండ్రటి కళ్ళు. నేను నీళ్ళ గిన్నె పెట్టడానికి లోపలికి పోతే, జాలీ మీది నుంచి జారుతూ నా తల దగ్గరికి వచ్చి అడిగింది.

“తిన్నవా బిడ్డా?”

ఒక్క క్షణం నా గుండె కరిగింది, అబద్ధమెందుకు. ఆ షెడ్డులో నన్ను తిన్నావా అని అడిగినవాళ్ళు లేరు. మరుక్షణం అర్థమైంది, అది నన్ను అడగడం లేదు. ఆమె గొంతు అది. ఆమె యాస, ఆమె సాగతీత. నాకు పట్టరాని కోపం, దాని కింద పట్టరాని సంతోషం. దొరికింది! అంత మంచి మనిషీ తప్పు చేసింది. పరుగున పోయి డాక్టరుకు చెప్పాను.

ఆయన ఆమెను పిలిపించాడు. నేను పక్కనే నిలబడ్డాను, ఎవరూ ఉండమనకపోయినా.

“మాట్లాడొద్దని చెప్పినం గద మేడం?”

“చెప్పిండ్రు సార్. మూతికి గుడ్డ కట్టుకునే ఉన్న. గని అది తినక తినక తింటుంటే నోరూకోలే. తిన్నవా బిడ్డా అని ఒక్క మాట. రోజూ గదే ఒక్క మాట.”

“గా ఒక్క మాటతోనే అది మనుషుల్ల గలిసింది. గిప్పుడు అడవిల వదిలితే రోడ్డు మీద పోయెటోన్ని పలకరిస్తది. బెదిరింపు పట్టకపోతే దీన్ని వదలలేం. బతికినన్నాళ్ళు గీ జాలీలనే ఉండాలె.”

ఆమె మొహం పాలిపోయింది. “నేను ఇంటికి తీస్కపోత సార్, మంచిగ జూసుకుంట” అంది చిన్నగా. అది కుదరదని ఆమెకూ తెలుసు. సంతలో అందరికీ చెప్పేది ఆమే కదా. డాక్టరు నా వైపు తిరిగి, “అక్కా, ఇగ నీ చేతులనే ఉన్నది” అన్నాడు.

ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో! ఆ చిలుక అడవికి పోతుందా, చచ్చేదాకా జాలీలో ఉంటుందా అన్నది ఇప్పుడు ఆమె మంచితనం మీద కాదు, నా డబ్బా మీద ఆధారపడింది. ఆమెను వల గది దిక్కుకు రావద్దన్నారు. నేను రోజూ పోయాను, బాదాను, అరిచాను. మిగతావి మూడో నాటికే నా నీడ చూసి పైకి లేచేవి. అది కూడా లేచేది. లేచి, ఒక చుట్టు చుట్టి, జాలీకి అతుక్కుని గేటు వైపు చూసేది. దూరంగా ఏదో ఒక స్కూటీ పోయిందంటే తల వంచి “తిన్నవా?” అనేది. నేను ఇంకా గట్టిగా బాదేదాన్ని. గొంతు పోయి, ఇంట్లో సైగలతో కూర ఏం చేయాలో అడిగేదాన్ని. మా ఆయన మాత్రం ఆ వారం చాలా హాయిగా ఉన్నాడు.

“అది నిన్ను జూసి బెదిరింది అక్కా. మనుషుల్ని జూసి కాదు” అన్నాడు డాక్టరు ఒకరోజు నా పక్కన నిలబడి. “ఒకరు చెడ్డోళ్ళని దానికి ఎర్కయింది. ఇంకొకరు మంచోళ్ళని గూడ ఎర్క. గా మంచి మనిషినే ఎతుకుతుంది.”

“మరెట్ల సార్?”

“బెదిరిస్తే గా మనిషే బెదిరియ్యాలె.”

ఆమెకు చెప్పారు. ఏడ్చింది, చేయనంది. “నా చేతులతోని పెంచిన. నన్ను జూసి గజ్జున వణుకుతుంటె నేనెట్ల సూడాలె సార్?” అని వెళ్ళిపోయింది. నాలుగు రోజులు రాలేదు. ఆ నాలుగు రోజులు షెడ్డులో గోల లేదు. నాకు హాయిగా ఉండాలి కదా! లేదు. ఎవరిమీద మండాలో తెలియక చేతులు విరిగినట్టయింది.

చలి మొదలయ్యే రోజుల్లో చిలుకల్ని లక్సెట్టిపేట దాటి, గోదావరి దగ్గర అడవి అంచుకు తీసుకుపోయాం. అక్కడ చెట్ల మధ్య చిన్న వల గది కట్టి, ఆ గాలికీ ఆ చప్పుళ్ళకూ అలవాటు పడేదాకా కొన్నాళ్ళు ఉంచాం. ఆ చిలుకను కూడా తెచ్చాడు డాక్టరు. గుంపుతో కలిసి లేచిపోతే పోవచ్చు, చివరి ఆశ అది. పోకపోతే పట్టి వెనక్కి తీసుకుపోతామన్నాడు. తలుపు తీసే పొద్దున మెట్‌పల్లి మేడం కూడా వచ్చింది. జీపు దిగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. నేను డబ్బాతో తయారుగా నిలబడ్డాను.

తలుపు తీశాం. కొంచెంసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఒకటి తలుపు చట్రం మీదికి వచ్చి అటూ ఇటూ చూసింది. నేను ఒక్క దెబ్బ కొట్టాను. కీచుమంటూ గుంపు మొత్తం లేచింది. అన్నీ ఒకేసారి చెట్ల మీదుగా నది వైపు పోయాయి. ఏ ఒక్కటీ వెనక్కి చూడలేదు. అంత బాగా నేర్పించాను! ఇటు తిరిగి డాక్టరుతో ఆ మాటే అనబోయాను. అప్పుడు కనబడింది. ఒకటి మాత్రం మద్దిచెట్టు కొమ్మ మీద ఆగి, వెనక్కి తిరిగి, నేరుగా జీపు మీదికి వచ్చింది. కిటికీలోంచి దూరి ఆమె భుజం మీద కూర్చుంది.

నాకేమనిపించిందో చెప్తాను, మీరేమైనా అనుకోండి. అయ్యో, బెదిరింపు పట్టలేదే అని కాదు. నా మీద ఎవరూ అట్లా వాలలేదే అనిపించింది. పోయినవాటిలో సగం నా చేతి జావ తాగి పెరిగినవే. డబ్బా ఎత్తుకుని జీపు దగ్గరికి పోయి పిచ్చిదానిలా బాదాను. అది ఆమె జడ వెనక దాక్కుంది. ఆమె దాన్ని భుజం మీదే ఉంచుకుని మెల్లగా జీపు దిగింది.

ఆ చప్పుడుకు రోడ్డు మీద పోతున్న ఒకాయన బండి ఆపి వచ్చాడు. నడివయసు మనిషి, మంచి మొహం. చిలుకను చూసి మురిసిపోయాడు. “అరే, ఎంత ముద్దుగున్నదే!” అని చేయి చాపాడు. ఆ చిలుక ఆయన్ను ఎగాదిగా చూసి, తల పక్కకు వంచి అడిగింది.

“తిన్నవా బిడ్డా?”

ఆయన పకపకా నవ్వాడు. “తిన్ననమ్మా, తిన్న! మేడం, గిది మాకియ్యరాదుండ్రి? మంచి పెద్ద పంజరం దెస్త. రోజూ జామపండు వెడ్త. మా పిల్లలు పానం లెక్క జూసుకుంటరు.” అట్లా అంటుండగానే అది ఆమె భుజం దిగి, ఆయన వేళ్ళ మీదికి నడిచిపోయింది. ఆయన బొటనవేలు మెల్లగా దాని కాళ్ళ మీద ఆనించాడు. చిలుకల్ని పెంచినవాళ్ళు పట్టుకునే తీరు అది. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే మేం పోట్లాడి ఊరుకునేవాళ్ళం.

మెట్‌పల్లి మేడం ఆ బొటనవేలిని చూసింది. నా దగ్గరికి వచ్చి డబ్బా, కట్టె రెండూ లాక్కుంది.

“హొయ్! హొయ్! హొయ్!”

ఆ కేక విని నేనే అదిరిపడ్డాను. నాది మగ్గాల కేక. ఆమెది జొన్నచేలో మంచె మీద కేక. కంకుల మీద వాలే చిలుకల్ని చిన్నప్పుడు ఆ కేకతోనే తరిమి ఉంటుంది. డబ్బాను ఆయన చేయి పక్కనే పెట్టి బాదింది. ఆయన బెదిరి పట్టు వదిలాడు. చిలుక ఎగిరి, గాలిలో గుండ్రంగా తిరిగి, మళ్ళీ ఆమె వైపే వచ్చింది. ఇంకెవరి దగ్గరికి పోతుంది, భయమేస్తే?

“పో! నీ పాడుగాను, పో! రాకు నా దగ్గరికి!” మట్టిపెడ్డ తీసి విసిరింది. దాని రెక్కకు ఆనిందో లేదో నేను చూడలేదు. అది కీచుమని అరిచింది. ఆ అరుపు షెడ్డులో నేను రోజూ వినేదే, కానీ దాని నోట్లోంచి ఎప్పుడూ వినలేదు. మద్దిచెట్టు మీద ఒక్క క్షణం కూర్చుంది. ఆమె మళ్ళీ డబ్బా ఎత్తింది. అది లేచి, నది మీదుగా, మిగతావి పోయిన దిక్కుకే పోయింది. కనబడనంత దూరం పోయాక కూడా ఆమె బాదుతూనే ఉంది. డాక్టరు పోయి కట్టె పట్టుకున్నాడు.

బండాయన “ఏమైంది మేడం, నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?” అని పరేషానై అడిగాడు. డాక్టరు ఆయన్ను పక్కకు తీసుకుపోయి చాలాసేపు మాట్లాడాడు. ఆ తర్వాత ఆయన తన ఊళ్ళో రెండు పంజరాలు ఖాళీ చేయించి, ఆ చిలుకల్ని తెచ్చి ఇచ్చాడు. ఆ లాభం ఒకటి.

వచ్చేటప్పుడు జీపులో వెనక సీట్లో మేమిద్దరమే. ఆమెకు నీళ్ళ సీసా ఇస్తే మూత తీయడం చేతకాలేదు. నేనే తీసి ఇచ్చాను. నేను నెలల తరబడి గొంతు చించుకుంటే పట్టని భయాన్ని ఆమె ఒక్క పొద్దున పట్టించింది. ఎందుకంటే అది ఆమెను నమ్మింది కాబట్టి. ఇది కూడా ఆమెకే వచ్చింది! నా పని కూడా నాకంటే ఆమే బాగా చేసింది. దీనికంటే మంట ఏముంటుంది అనుకున్నాను. ఉంది. ఆమె ఏడుస్తోంది. చప్పుడు లేకుండా, ముక్కు కూడా తుడుచుకోకుండా, కిటికీ వైపు తిరిగి ఏడుస్తోంది. నా సర్వీసులో ఎన్ని చిలుకల్ని పంపించానో. ఏ ఒక్కటి పోయినా నాకు కంట తడి రాలేదు. రావడానికి అవి నాకేమిచ్చాయని?

పిల్లలూ, చిలుకల మీద ప్రేమ ఉంటే ఏం చేయాలని అడిగారు కదా. జొన్న కంకులు తీసుకుపోండి, పెంట ఎత్తండి, కొనకండి, మోడు చెట్టును కొట్టనివ్వకండి. ఇవన్నీ నాలాంటిది కూడా చేయగలదు. ఆఖరున ఆమె చేసింది ఒకటుంది. అది ప్రేమ ఉన్నవాళ్ళకే చేతనవుతుంది.

లక్సెట్టిపేట ఊరు దాటాక ఆమె మొహం ఇటు తిప్పింది.

“అది నన్ను జూసి బెదిరిందక్కా.”

“బెదరాలె గద మేడం. మంచిగ జేసినవ్.”

“ఎన్నేండ్ల సంది జేస్తున్నవ్ గీ పని. నీకు గిట్ల పానం గోసినట్టు ఎన్నిసార్లయిందో గద!” అని నా చేయి పట్టుకుంది. నిజంగా అడిగింది, నా మీద జాలితో అడిగింది.

నేను ముందు సీట్లో ఉన్న డాక్టరు తల వెనక భాగం చూస్తూ కూర్చున్నాను.

“అయితది మేడం,” అన్నాను. “ప్రతిసారి అయితది.”

ఒక్కసారి కూడా కాలేదు.